పెదనాన్న వంతు

సూళ్లూరుపేటలో ఎక్కిన ఆటో మా ఊరు చేరేసరికి అందులో మావాళ్లు తప్ప ఎవరూ మిగలరు. చలికాలంలో కొంగల్ని చూడటానికొచ్చే జనం కెమెరాలు మెడలో వేసుకుని దారిలోనే దిగిపోతారు. మా ఊళ్లో చూసేదేముంది? పులికాట్ నీళ్లు, ఆరేసిన వలలు, ఎండుచేపల వాసన. ఆ ఊరి పేరు ఇక్కడ రాయను. మనుషుల పేర్లూ రాయను. ఒకసారి పేర్లతో సహా చెప్పాను. దాని ఫలితం ఇంకా అనుభవిస్తున్నారు. అనుభవిస్తున్నది నేను కాదు, అదే నా బాధ.

మా పెద్దమ్మ అంటే అమ్మకు సొంత అక్క. ఆమెకు పిల్లల్లేరు. నేను బడికి పోనని వాకిట్లో దొర్లితే వీపు మీద రెండు వేసి, చెయ్యి పట్టుకుని ఈడ్చుకుంటూ తీసుకుపోయి బళ్లో కూర్చోబెట్టింది ఆమే. అమ్మ మెత్తని మనిషి. పెద్దమ్మ నోరు పెద్దది, చెయ్యి ఇంకా పెద్దది. నాకు చదువబ్బిందంటే ఆ చేతి చలవే. నేను డిగ్రీ మొదటి ఏడాదిలో ఉండగా పెదనాన్న పోయాడు. నీళ్లలో పోలేదు. కామెర్లొచ్చి పదిహేను రోజుల్లో పోయాడు.

ఇక్కడ వంతు సంగతి చెప్పాలి, లేకపోతే మిగిలింది అర్థం కాదు. మా సరస్సులో ఎక్కడపడితే అక్కడ రొయ్య దొరకదు. సముద్రం నీళ్లు లోపలికొచ్చి వెళ్లే దారిలో నాలుగైదు చోట్ల మాత్రమే వల కడితే పడుతుంది. ఆ చోట్ల కోసం కొట్టుకు చావకుండా తాతల కాలంలోనే ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. చుట్టూ ఉన్న మూడు ఊళ్లకు రోజులు పంచారు. ఏ ఊళ్లో వంతున్న మగవాళ్లు ఎందరుంటే ఆ ఊరికి అన్ని రోజులు. ఊరికొచ్చిన రోజుల్లో ఏ రోజు ఎవరిదనేది ఏడాదికోసారి చీటీ తీసి తేలుస్తారు. మావాళ్లు దీన్ని పాడు అంటారు. బయటివాళ్లు ఆ మాట వినగానే ఏదో చెడిపోయిందనుకుంటారు కాబట్టి నేను వంతు అనే రాస్తున్నాను.

పెళ్లయిన మగవాడికే వంతు. మూడు ఊళ్లకూ కలిపి వంతుల లెక్క పెరగదు కాబట్టి, మనిషి పోతే ఆ వంతు ఎదురుచూస్తున్న ఇంకొకడికి పోవాలి. ఇదంతా నోటిమాట కట్టుబాటు, ఎక్కడా కాగితం లేదు. కాగితం లేనిచోట మనుషులు కాస్త మంచిగా ఉండటానికి వీలుంటుందని నాకు అప్పుడు తెలియదు.

చీటీల రోజున ఊరంతా తుఫాను షెల్టర్ దగ్గర చేరుతుంది. ఊరి పెద్దను మేము కాపు అంటాం. ఆయన ఒక్కొక్క మగవాడి పేరు వరసగా, కాగితం చూసుకోకుండా, కంఠతా పిలుస్తాడు. పిలిచినప్పుడు ఆ మనిషి "ఉండా" అని లేచి కుండలో చెయ్యి పెట్టి చీటీ తీసుకుంటాడు. పెదనాన్న పోయిన ఏడాది నేను ఆడవాళ్లతో పాటు వెనక నిలబడి ఉన్నాను. పెద్దమ్మ తల మీద కొంగు కప్పుకుని నా పక్కనే ఉంది. కాపు పెదనాన్న పేరు పిలిచాడు. చనిపోయిన మనిషిని ఎందుకు పిలుస్తాడని నాకు కోపం వచ్చింది.

పెదనాన్నతో పాతికేళ్లు ఒకే పడవలో వేటకు పోయిన జతగాడు ఒకాయన ఉన్నాడు. నేను మామా అని పిలుస్తాను. ఆయన లేచి, "ఉండాడు" అన్నాడు.

కాపు తల ఎత్తలేదు. "తియ్" అన్నాడు. మామ కుండలో చెయ్యి పెట్టి చీటీ తీసి మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాతి పేరు పిలిచారు. ఎవరూ ఎవరి ముఖమూ చూసుకోలేదు. ఆ ఏడాది పెదనాన్న వంతు వచ్చిన రోజుల్లో మామ వల కట్టాడు, పడిన రొయ్యలో సగం బుట్టలో పోసి పెద్దమ్మ వాకిట్లో పెట్టి పోయాడు. అలా తొమ్మిదేళ్లు జరిగింది. మా ఊళ్లో మరో ముగ్గురు ఆడవాళ్లకు కూడా అలాగే జరుగుతుందని నాకు మెల్లగా తెలిసింది. దీని గురించి ఎవరూ మాట్లాడరు. మాట్లాడకపోవడమే ఆ పద్ధతి.

డిగ్రీ అయ్యాక సూళ్లూరుపేటలో ఒక ప్రైవేటు బళ్లో టీచరుగా చేరాను. ఆ రోజుల్లోనే నెల్లూరులో మా వయసువాళ్లు నడిపే ఒక బృందంతో పరిచయమైంది. నెలకు రెండు ఆదివారాలు ఒక అద్దె గదిలో కూర్చునేవాళ్లం. వెంకటాచలం నుంచి ఒక అమ్మాయి వచ్చేది. చర్చి అయ్యాకే వస్తానని పట్టుబట్టి అందరినీ మధ్యాహ్నం దాకా కాయించేది. వస్తూ వస్తూ వాళ్లమ్మ చేసిన పులిహోర తెచ్చేది కాబట్టి ఎవరమూ నోరెత్తేవాళ్లం కాదు. నాకు అంతకంటే దగ్గరి స్నేహితురాలు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

మేం చేసిన పని చెప్తే కొందరు నవ్వుతారు. దేశాలన్నీ ఒకచోట కూర్చుని పేదరికం లేకుండా చేస్తామని, ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ తేడా తగ్గిస్తామని సంతకాలు పెడతాయి. గడువు దాటిపోయాక ఏమైందని అడిగేవాళ్లుండరు. మా ఊళ్లో ఒకడు ఇంకొకడి వల చించేస్తే షెల్టర్ దగ్గర నిలబెట్టి అడుగుతారు. దేశాలను నిలబెట్టి అడిగే చోటు ఎక్కడుంది? లేకపోతే పెట్టండి, అక్కడ మా వయసువాళ్లకు కూడా నోరు ఇవ్వండి. మేం అడిగింది అంతే. ఊళ్లు తిరిగాం, జనం మాటలు రాసుకున్నాం, ఉత్తరాలు రాశాం. ఇప్పటికీ మేం అడిగింది తప్పని నేను అనుకోను. కోపం వచ్చినప్పుడల్లా అనుకుందామని చూశాను, నా వల్ల కాలేదు.

ఒక ఏడాది పై దేశంలో జరిగే పెద్ద సభలో మాట్లాడటానికి మా బృందం నుంచి ఒకరిని పిలిచారు. రెండు నిమిషాలు. అందరూ కలిసి నన్ను ఎంచారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సంతోషంతోనే.

నేను మొదట రాసుకున్న మాటలు మా సరస్సు ముఖద్వారం గురించి. సముద్రం నీళ్లొచ్చే ఆ దారి ఇసుకతో పూడిపోతోంది. ఉప్పునీళ్లు రాకపోతే రొయ్య రాదు. పూడిక తీస్తామనే మాట నా చిన్నప్పటి నుంచి వింటున్నాను. తీయనివాళ్లను ఎవరు అడగాలి, సముద్రం ఇలా మారిపోవడానికి కారణమైన దేశాలను ఎవరు అడగాలి అని రాశాను. మాకు శిక్షణ ఇచ్చే మేడమ్ ఒకావిడ ఢిల్లీ నుంచి ఫోన్లో మాట్లాడేది. చెడ్డ మనిషి కాదు. ఓపిగ్గా మొత్తం విన్నది.

"బాగా రాశారు. కానీ ఇందులో మనుషులు లేరు," అంది. "రెండు నిమిషాల్లో ఇసుక గురించి ఎవరూ బాధపడరు. మీ ఇంట్లో ఎవరైనా ఉన్నారా?"

ఉన్నారు అన్నాను.

పెద్దమ్మ దగ్గరికి పోయేసరికి ఆమె వాకిట్లో టార్పాలిన్ పట్ట పరిచి ఎండుచేపలు తిరగేస్తోంది. ఆమె సంగతి సభలో చెప్తానని నేను అడిగేదంతా చేపల మీద నుంచి చూపు తిప్పకుండా విన్నది.

"యాడ చెప్తావు మే?"

"విమానమెక్కి పోవాల పెద్దమ్మా. శానా దూరం."

"ఆడ మనోళ్లెవురూ ఉండరు గదా?"

"ఒక్కరు గూడా ఉండరు."

"అయితే చెప్పుకో. నీకు మంచి జరిగేదైతే నాకేం పోయింది."

ఆమె కథ వాడుకోవడానికి ఒప్పుకున్నట్టు ఒక ఫారం ఉంది, ఇంగ్లీషులో. వేలిముద్ర వేయమన్నాను. "నోటితో ఒప్పుకున్నా గదా, మళ్లా ఏలెందుకు?" అని నవ్వింది. చేపల జిడ్డు చీరకు తుడుచుకుని వేసింది. ఆ కాగితం మీద ఒక పొలుసు అంటుకుంటే గోటితో గీకి తీశాను.

వీసా రాలేదు. ఎందుకు రాలేదో ఎవరూ చెప్పలేదు. లోకమంతా జవాబు చెప్పాలని అడగబోతున్న మాకు, మా కాగితం ఏమైందని అడిగే దిక్కు లేకపోయింది. మేమంతా పడీ పడీ నవ్వుకున్నాం. నవ్వు అయ్యాక నేను ఏడ్చాను. అప్పుడు మేడమ్ ఫోన్ చేసి, దిగులు పడొద్దు, మాటలు వీడియో తీసి పంపండి, సభలో వేస్తారు, మీ భాషలోనే మాట్లాడండి, కింద ఇంగ్లీషు అక్షరాలు మేము వేసుకుంటాం అంది. తెలుగులో మాట్లాడొచ్చనగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంగ్లీషంటే అప్పటికీ నాకు నాలుక మందమే.

తెలుగులో ఉన్న వీడియో ఎవరికి అర్థమవుతుందో ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే చాలు. పెద్దమ్మ ఒప్పుకుంది మనవాళ్లెవరూ లేనిచోట చెప్పడానికి. ఆ తేడా నాకు తట్టలేదు. వెంకటాచలం అమ్మాయి తన ఫోన్లో తీసింది. వెనక నీళ్లు కనిపించాలని నన్ను ఒడ్డున నిలబెట్టింది. గాలికి మైకు బుసబుస అంటుంటే ఏడుసార్లు తీశాం. ఏడోసారి నేను చెప్పిన మాటలు నాకు కంఠతా వచ్చు. ఇప్పుడు కూడా.

"మా పెదనాన్న చనిపోయి తొమ్మిదేళ్లయింది. ఇప్పటికీ ఏడాదికోసారి మా ఊళ్లో ఆయన పేరు పిలుస్తారు. ఉన్నాడని ఒకరు లేచి అబద్ధం చెప్తారు. ఎందుకంటే మా పెద్దమ్మ ఆడది. ఆడదానికి ఈ నీళ్లలో వంతు లేదు. చనిపోయిన మగవాడి పేరు చాటున దాక్కుని ఆమె అన్నం తినాలి. మా సరస్సు పూడిపోవడానికీ, మా ఆడవాళ్లు ఇలా బతకడానికీ జవాబు చెప్పేది ఎవరు?"

పేర్లు కూడా చెప్పాను. పేరు చెప్తే బలం ఉంటుందని మేడమ్ అంది, నేనూ అలాగే అనుకున్నాను.

సభను ఫోన్లో చూపించారు. సూళ్లూరుపేటలో నా అద్దె గదిలో మంచం మీద కూర్చుని చూశాను. పెద్ద హాలు, సగం కుర్చీలు ఖాళీ. భోజనాల వేళ అయినట్టుంది, ముందు వరసలో ఒకాయన ఏదో నములుతున్నాడు. తెర మీద నా ముఖం వచ్చింది, వెనక మా నీళ్లు వచ్చాయి. రెండు నిమిషాలు. తర్వాత చప్పట్లు. ఒకావిడ కళ్లు తుడుచుకుంది. నేను ఆ ముక్కను వెనక్కి తిప్పి మూడుసార్లు చూశాను, ఆమె నిజంగా తుడుచుకుందా లేదా అని. నిజంగానే తుడుచుకుంది.

ఆ వీడియో ఊళ్లోకి ఎవరు పంపారని తర్వాత అందరూ వెతికారు. పంపింది ఎవరూ కాదు. నేనే స్టేటస్ పెట్టుకున్నాను. పిల్లల తల్లిదండ్రులు చూడాలని, నాతో చదివినవాళ్లు చూడాలని, మా బడి కరస్పాండెంటు చూడాలని పెట్టాను. మరుసటి రోజు స్టాఫ్ రూములో అందరూ నాకు చెయ్యి కలిపారు. ఆ రోజంతా నేను నేల మీద నడవలేదు.

రెండు నెలల తర్వాత చీటీల రోజు వచ్చింది. మూడు ఊళ్లకు రోజులు పంచేది కూడా ఆ రోజే కాబట్టి అవతలి రెండు ఊళ్ల పెద్దలు కూడా షెల్టర్ వరండాలో చాప మీద కూర్చుని ఉన్నారు. బడికి సెలవు పెట్టి నేనూ వెళ్లాను. ఆడవాళ్లలో నిలబడ్డాను. పెద్దమ్మ కొత్త చీర కట్టుకుంది. ఆ రోజుకు ఎప్పుడూ కొత్త చీరే కట్టుకునేది. ఎందుకని నేను ఎన్నడూ అడగలేదు.

కుండ తేకముందే పక్క ఊరి నుంచి వచ్చిన ఒకతను లేచాడు. పాతికేళ్లుంటాయి. చంకలో చిన్నబిడ్డను పెట్టుకుని అతని పెళ్లాం వెనక నిలబడి ఉంది.

"పెద్దోళ్లందరికీ దండం. నేను కొట్లాటకు రాలేదు," అన్నాడు. "నాకు పెళ్లయి నాలుగేండ్లయింది. ఇద్దరు బిడ్డలు. వంతు ఇమ్మని అడిగితే ప్రతి ఏడాదీ ఖాళీ లేదంటా ఉండారు. ఎందుకు లేదో ఈ అక్క చెప్పింది. ఇనండి."

ఫోను కాపు ముందున్న మైకు దగ్గర పెట్టాడు. షెల్టర్ చుట్టూ నా గొంతు వినిపించింది. గాలి బుసతో సహా. అబద్ధం అనే మాట దగ్గర నా గొంతు కొంచెం లేస్తుంది. మేడమ్ అక్కడ గట్టిగా చెప్పమంది. ఆ మాట వచ్చినప్పుడు మామ తల దించుకోవడం చూశాను. ఆ తొమ్మిదేళ్లూ లేచి నిలబడి ఆ మాట చెప్పింది ఆయనే.

వీడియో అయిపోయింది. అతను నా వైపు తిరిగాడు. అతని గొంతులో కోపం లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది.

"అక్కా, లెక్క అడగాలని నువ్వే గదా చెప్పినావు. అందుకే అడగతా ఉండా. నువ్వు చెప్పింది నిజమా, కాదా?"

కాదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ వరండాలో ఉన్న ప్రతి పెద్దమనిషీ ఆ మాట కోసమే చూస్తున్నాడని నాకు ఇప్పుడు తెలుసు. ఎవరో చెప్పమంటే చెప్పాను, అదంతా కల్పించింది అంటే నన్ను నాలుగు తిట్టి, కుండ తెప్పించి, పని కానిచ్చేవాళ్లు. కానీ అబద్ధం చెప్పడం తప్పని లోకానికి చెప్పొచ్చినదాన్ని నేను. నా నోరు పెగల్లేదు.

పెద్దమ్మ కొంగు సర్దుకుని ముందుకు వెళ్లింది. ఆడవాళ్లు చాప దాకా వెళ్లే అలవాటు మాకు లేదు.

"నిజమే అబ్బయ్యా," అంది. "మా ఇంటాయన పోయి తొమ్మిదేండ్లు దాటింది. పాపను చెప్పమన్నది నేనే. దాని తప్పేం లేదు. దాన్నేం అనబాకండి."

నేను మాట పడకుండా ఉండటానికి ఆమె తన వంతు పోగొట్టుకుంది. అది అందరికీ తెలుసు, అతనికి కూడా. అతను ఫోను జేబులో పెట్టుకుని కూర్చున్నాడు.

మా కాపు అవతలి ఊళ్ల పెద్దల వైపు చూశాడు. తర్వాత అన్నాడు: "తెలిసినా తెలియనట్టు ఉండినాం. ఇంగ ఉండలేం. నలుగురిలో ఇన్న మాట ఇనలేదని నేనెట్ట అనేది?" అవతలి ఊళ్ల పెద్దలు కూడా తలలూపారు. వాళ్ల ఊళ్లలో కూడా పోయినవాళ్ల వంతులున్నాయని అప్పుడు బయటపడింది. ఒకరివి తీసి ఒకరివి ఉంచడం న్యాయం కాదన్నారు. మూడు ఊళ్లలో కలిపి పదకొండు మంది ఆడవాళ్ల ఇళ్లు. ఆ వంతులన్నీ తీసేశారు. ఎదురుచూస్తున్న పెళ్లయిన కుర్రవాళ్లకు ఇచ్చారు. వాళ్లూ లేనివాళ్లే. ఆ చంటిబిడ్డ తల్లి మెడలో పసుపుతాడు తప్ప ఏమీ లేదు, వాళ్లను నేను ఏమని తిట్టుకోను?

ఎక్కడో పెద్ద హాల్లో నేనడిగిన ప్రశ్నకు దేశాలేవీ జవాబు చెప్పలేదు. ముఖద్వారంలో ఇసుక ఒక్క గంప కూడా తీయలేదు. జవాబు చెప్పాల్సి వచ్చింది పదకొండు మంది ముసలి ఆడవాళ్లు. నా బృందంవాళ్లకు ఈ మాట చెప్పాను. వెంకటాచలం అమ్మాయి తన ఫోన్లోంచి ఆ వీడియో తీసేసి, నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆమె తీసేస్తే ఏమవుతుంది, అప్పటికే అది అందరి ఫోన్లలో ఉంది.

ఆ రోజు చివరికి కుండ తెచ్చారు. కాపు పేర్లు పిలవడం మొదలుపెట్టాడు. ఆయన చూసుకుని పిలవడని చెప్పాను కదా. వరసలో పోతూ పోతూ అలవాటు కొద్దీ పెదనాన్న పేరు పిలిచేశాడు.

ఎవరూ లేవలేదు. మామ రెండు చేతులూ మోకాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. కాపు తప్పు తెలుసుకుని నోరు మూసుకున్నాడు, కండువాతో ముఖం తుడుచుకున్నాడు, గొంతు సవరించుకుని తర్వాతి పేరు పిలిచాడు. పెద్దమ్మ వెనక్కొచ్చి నా పక్కనే నిలబడి ఉంది. నేను ఆమె వైపు తిరగలేదు. ముఖం చెల్లలేదు.

ఇప్పుడు ఆమె రొయ్యల షెడ్డుకు పోతోంది. తెల్లవారకముందే వ్యాను వచ్చి ఊరి చివర హారన్ కొడుతుంది. అరవై దాటిన మనిషి రోజంతా నిలబడి ఐసులో ఉన్న రొయ్యల తలలు తుంచాలి. వలలో తుళ్లిపడే రొయ్యను వాకిట్లో పోయించుకున్న మనిషి, ఎవరి చెరువులోదో తెలియని రొయ్యను ముట్టుకుంటోంది. వారానికోసారి వెళ్లి చూసొస్తాను. నా జీతంలో నుంచి ఇస్తే తీసుకోదు. బియ్యం తీసుకెళ్తే మా అమ్మ ఇంట్లో పెట్టిస్తుంది. నన్ను ఒక్క మాట అనదు. నా చిన్నప్పుడు వీపు మీద వేసినట్టు రెండు వేస్తే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో.

పోయిన నెల సభవాళ్ల దగ్గర నుంచి ఇంకో ఫారం వచ్చింది. మీ మాటల వల్ల మీ ఊళ్లో వచ్చిన మార్పు రాయండి అని ఒక గడి ఉంది. నాకు కోపం నషాళానికి అంటింది. జరిగింది జరిగినట్టు మొత్తం రాయాలనుకున్నాను. చప్పట్లు కొట్టినవాళ్లకు, కళ్లు తుడుచుకున్న ఆవిడకు తెలియాలి కదా. వాళ్లు జవాబు చెప్పనవసరం లేదా? కానీ ఈసారి పెద్దమ్మను సరిగ్గా అడగాలనుకున్నాను. ఆదివారం వెళ్లాను. ఆమె గుమ్మంలో కూర్చుని వేళ్ల సందుల్లో మందు పూసుకుంటోంది. ఐసుకు, రొయ్య నీళ్లకు తోలు ఊడిపోయి ఎర్రగా ఉన్నాయి. ఫారం సంగతి చెప్పి, రాయనా అని అడిగాను.

"రాస్తే ఏం జేస్తారు మే వాళ్లు?"

"చదువుతారు."

"చదివి?"

నేను ఫారం మడత పెట్టాను.

"వొద్దులే," అంది. కాసేపు వేళ్లు ఊదుకుంది. "పనికి పోతా ఉండానని నువ్వు ఏడవబాకు. చేతులుండాయి, చేసుకుంటా. రొయ్యల కోసం గాదు మే నా బాధ. ఏడాదికోసారి ఆయన పేరు పిలిచేవోళ్లు. ఉండాడు అని ఒకరు లేచేవోళ్లు. కొత్త చీర కట్టుకోని పొయ్యి ఇనేసి వొచ్చేదాన్ని. మీ పెదనాయన పోయి పదేండ్లని నువ్వు రాసుకుంటావేమో. నాకు మటుకు ఆ రోజు షెల్టర్ కాడనే పోయినాడు."

ఆమె ఏడవలేదు. నేనే గుమ్మం మీద కూలబడి చిన్నపిల్లలా ఏడ్చాను. నా తల నిమరడానికి చెయ్యి చాపింది. వేళ్ల మందు నా జుట్టుకు అంటుతుందని మళ్లీ వెనక్కి తీసుకుంది.